గుడి వెనక కచేరీ

పుష్య బహుళ పంచమి నాడు పొద్దున తొమ్మిదింటికి రేడియో దగ్గర చేరడం మా కావలిలో కొన్ని ఇళ్ళల్లో ఒక నోము లాంటిది. పాలమనిషినీ కూరగాయల బండినీ త్వరగా పంపించేసి, సరిగ్గా ఆ వేళకు కుక్కరు కూత పెట్టకుండా చూసుకుని, తిరువయ్యారు నుంచి వచ్చే పంచరత్నాల కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. ఇప్పుడైతే టీవీలో చూడొచ్చు, ఫోన్లోనూ వినొచ్చు, అది వేరే సంగతి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఐదు రాగాలు, వందలాది గొంతులు. ఆ గొంతుల్లో ఆడవాళ్ళవి ఎన్నెన్నో. పట్టుచీరలు కట్టుకుని, తలలూపుతూ, తొడమీద తాళం వేస్తూ వాళ్ళు పాడుతుంటే త్యాగరాజస్వామి కాలం నుంచీ ఇది ఇలాగే జరుగుతోందేమో అనిపిస్తుంది.

కానీ జరగలేదు. 1940 దాకా ఆ ఉత్సవం వేదిక మీద ఆడది నోరు విప్పడానికి వీల్లేదు.

ఈమధ్య సంగీతోత్సవాల మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న కూడా వస్తోంది. ఇంతింత పందిళ్ళు వేసి, ఇంతమందిని పిలిచి చేసే ఉత్సవాల్లో అందరికీ తెలిసిన ఆ నాలుగు రకాల పాటకేనా చోటు? వేరే పాట ఇష్టపడేవాళ్ళు ఎక్కడికి పోవాలి? కుర్రాళ్ళు దీన్ని కొత్త ప్రశ్నలాగా అడుగుతున్నారు గానీ, ఇది నూరేళ్ళ నాటిది. మొదట గట్టిగా అడిగినావిడ తెలుగు పుస్తకం కోసం సర్కారుతోనూ, తెలుగు పాట కోసం సంగీతం పెద్దలతోనూ పోట్లాడింది. ఆవిడ బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టింది. దేవదాసి. సంగీతం, సంస్కృతం, తెలుగు, కన్నడం అన్నీ వచ్చు. మద్రాసులో స్థిరపడి పేరూ డబ్బూ సంపాదించింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను సరిచూసి 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. ఆ కావ్యం బూతని వీరేశలింగం పంతులుగారంతటివారు అంతకు ముందే తీర్పిచ్చి ఉన్నారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947లో మన ఒంగోలువైపు మనిషి టంగుటూరి ప్రకాశం పంతులుగారి హయాంలోగానీ పోలేదు. మగకవులు రాస్తే శృంగారం, ఆడది రాస్తే బూతు ఎలా అయిందని నాగరత్నమ్మ అప్పుడే సూటిగా అడిగింది. ఇంత గొడవ పడ్డ మనిషికి తిరువయ్యారులో ఇంకొకటి సిద్ధంగా ఉంది.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న సిద్ధి పొందారు. కావేరి ఒడ్డున కట్టిన సమాధి కొన్నాళ్ళకు పొదలు కమ్ముకుపోయింది. 1903లో ఉమయాల్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ అనే శిష్యులు వెతికి బాగుచేయించారు. ఏటా ఆరాధన మొదలైంది. మొదలవడమేమిటి, రెండు జట్లుగా చీలడమూ అయింది. పెరియ కట్చి, చిన్న కట్చి, అంటే పెద్ద జట్టు, చిన్న జట్టు. ఒకరి ఉత్సవం ఆరాధన రోజుతో ముగిస్తే రెండోవారిది ఆ రోజున మొదలు! వియ్యాలవారి పంతాలు కూడా మూడు రోజుల్లో తేలిపోతాయి గానీ సంగీత విద్వాంసుల పంతాలు ముప్ఫై ఏళ్ళకూ తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం రెండు జట్లదీ ఒకే మాట. ఆడవాళ్ళు పాడకూడదు.

ఈ పంతాల మధ్య సమాధి మళ్ళీ పాడుపడింది. ఆ సంగతి తెలిసి నాగరత్నమ్మ తిరువయ్యారు వెళ్ళి, స్థలం సంపాదించి, తన ఆస్తులు అమ్ముకుని గుడి కట్టించింది. 1921లో శంకుస్థాపన, 1925 జనవరి 7న కుంభాభిషేకం. ఆ తర్వాత, ఒక్కరోజు ఆ సన్నిధిలో హరికథ చెప్పుకుంటాను అని అడిగిందట. కుదరదన్నారు.

గుడి ఎవరిది? ఆవిడ డబ్బుతో లేచిన గుడి. ఇల్లు కట్టించిన ఇల్లాలిని గడప బయటే ఉండమన్నట్టు లేదూ? ఇంకొకరైతే ఏడ్చి ఊరుకునేవారు, లేదా గుడికి తాళం వేసేవారు. నాగరత్నమ్మ 1927లో మూడో జట్టు పెట్టింది. ఆడవాళ్ళ జట్టు. గుడి ముందు మగవాళ్ళు పాడుతుంటే, గుడి వెనకవైపు దేవదాసీలు చేరి తమ కచేరీలు తాము చేసుకున్నారు. అలా ఒక ఏడు కాదు, పదమూడు పద్నాలుగేళ్ళు. మధ్యలో కోర్టు మెట్లూ ఎక్కింది. చివరికి పెద్దలు కొందరు పూనుకుని మూడు జట్లనూ కలిపారు. 1941 నుంచి ఆడవాళ్ళు మగవాళ్ళతో పాటు గుడి ముందు కూర్చుని పాడుతున్నారు. ఇప్పుడు మనం రేడియోలో వినే గోష్ఠిగానం ఆ రాజీ తర్వాతే కుదురుకుంది.

కథ ఇక్కడితో ఆపేస్తే కంచికి పోయినట్టే, అందరికీ సంతోషమే. నాకు మాత్రం ఒక అనుమానం పట్టుకుని వదలదు. ఆడవాళ్ళు గుడి ముందుకు వచ్చారు సరే, ఏ పాటతో వచ్చారు? మగవాళ్ళు అప్పటికే పాడుతున్న పాటతో వచ్చారు. నాగరత్నమ్మ అడిగిన హరికథ, ఆవిడ కులం తరతరాలుగా దాచుకున్న పదాలూ జావళీలూ వెనకే ఉండిపోయాయి. త్యాగరాజ ఆరాధనలో క్షేత్రయ్య పదానికి ఏం పని అంటారా? నిజమే, అక్కడ పని లేదు. కానీ మద్రాసు సభలన్నిటిలోనూ అదే వరస. 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ కచేరీ పద్ధతిలో కృతులది నడిమిల్లు, పదం జావళి పెరటి గది. సంగీత కళానిధి బిరుదు ఒక స్త్రీకి మొదటిసారి దక్కింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారికి. ఆవిడా దేవదాసీల ఇంటి ఆడపడుచే. మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు పెళ్ళిచూపుల్లో పాడటానికని నాలుగు కృతులు నేర్పించి మురిసిపోతాం గానీ, ఆడగొంతుకు సభలో ఒక కుర్చీ సంపాదించిపెట్టినవాళ్ళెవరో చెప్పుకోవడానికి మనకు కాస్త మొహమాటం.

ఇంకో వైపు నుంచి చూస్తే సిగ్గుపడాల్సినవాళ్ళం మనమే. మద్రాసు సభల్లో పెద్దపాట ఎవరిది? మన తెలుగుదే. త్యాగయ్యగారి దయ. తమిళ దేశంలో, తమిళ శ్రోతల ముందు, రెండున్నర గంటలు తెలుగూ సంస్కృతం పాడి, చివర పది నిమిషాలు తమిళ పాట పాడి, దానికి 'తుక్కడా' అని పేరు పెట్టారు. మన కావలిలో ఎవరైనా కచేరీ అంతా తమిళంలో పాడి చివర ఒక్క రామదాసు కీర్తనతో సరిపెడితే ఊరుకుంటామా? వాళ్ళూ ఊరుకోలేదు. రాజా అన్నామలై చెట్టియార్ ముందు నిలబడ్డారు, పత్రికల్లో కల్కి కృష్ణమూర్తి రాశారు, 1943లో తమిళ ఇసై సంఘం వెలిసింది. అకాడమీ ఉత్సవం జరిగే డిసెంబరులోనే వాళ్ళ ఉత్సవమూ. నాగరత్నమ్మ గుడి వెనక చేసిన పనే వీళ్ళు నగరం మధ్యలో చేశారు. 1946లో తిరువయ్యారు ఆరాధనలో దండపాణి దేశికర్ తమిళ పాట పాడితే సన్నిధి మైలపడిపోయిందన్నంత రభస జరిగింది. ఆడవాళ్ళను రానిచ్చి ఐదేళ్ళే అయింది. గొంతు మారితే ఒప్పుకున్నారు గానీ, పాట మారితే ఒప్పుకోలేదు!

మా వైపు మనిషిదే ఇంకో కథ ఉంది. కావలిలో బండెక్కితే ఒంగోలు దాటగానే కరవది అని చిన్న స్టేషను వస్తుంది. షేక్ చినమౌలానాగారు 1924లో పుట్టింది ఆ ఊళ్ళోనే. నాదస్వరం వాళ్ళింటి విద్య. నాదస్వరమంటే మనకేం తెలుసు? పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు గట్టిగా వాయించమని చెయ్యి ఊపుతాం, మిగతా సేపు దాని మీద గొంతు పెంచి చీరల ధరలు మాట్లాడుకుంటాం. అదే తంజావూరు జిల్లాలో గంటల తరబడి రాగం వాయించే మహావిద్య. ఆ బాణీ కోసం ఆయన తమిళ విద్వాంసుల దగ్గర నేర్చుకుని, శ్రీరంగంలో కాపురం పెట్టి, రంగనాథుడి ఆస్థాన విద్వాంసుడయ్యాడు. ముసల్మాను వాయిస్తే రంగనాథుడు మేలుకున్నాడు, ఏ పేచీ పెట్టలేదు. 1977లో పద్మశ్రీ వచ్చింది. మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి మాత్రం 1998లో, ఆయన డెబ్భై నాలుగో ఏట. మరుసటి ఏడే పోయారు. ఆయన కంటే ముందు ఆ బిరుదు పొందిన నాదస్వర విద్వాంసులు ఇద్దరే, 1956లో తిరువీళిమిళలై సుబ్రహ్మణ్య పిళ్ళై, 1981లో నామగిరిపేట్టై కృష్ణన్. నాదస్వర చక్రవర్తి అనిపించుకున్న రాజరత్నం పిళ్ళై బిరుదు లేకుండానే 1956లో వెళ్ళిపోయారు. ఉత్సవం ప్రారంభానికి మంగళవాద్యం ఉండి తీరాలి. వాయించడం అయ్యాక అసలు కచేరీ మొదలవుతుంది. ఆ 'అసలు' అన్న మాటలోనే ఉంది చిక్కంతా.

మరి ఈ పక్కదారి పాటలన్నీ ఎలా బతికాయి? పెద్ద ఉత్సవాల దయ వల్ల మాత్రం కాదు. వీణ ధనమ్మాళ్ అని మహాతల్లి ఉండేది, 1867లో పుట్టి 1938లో పోయింది. మద్రాసు జార్జిటౌనులోని ఆవిడ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వీణ మోగేది. చిన్న గది, మైకు లేదు. విద్వాంసులు సైతం వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవారు. మువ్వ క్షేత్రయ్య పదాలు, మన కృష్ణా జిల్లాలో పుట్టి మనమే మరిచిపోయిన పదాలు, ఆ తమిళ ఇంట్లో తల్లి నుంచి కూతురికీ మనవరాలికీ పసుపుకుంకాల్లా అందాయి. మనవరాళ్ళు బృంద, ముక్త పాడారు, బాలసరస్వతి అభినయం పట్టింది. బాలసరస్వతికి 1973లో, బృందకు 1976లో సంగీత కళానిధి వచ్చింది. తెలుగు పదం తెలుగు సభల్లో కాదు, అక్కడ బతికింది.

హరికథ సంగతి మనకు దగ్గరిది. ఆదిభట్ల నారాయణదాసుగారు ఒక్కరే రాత్రంతా ఆడి, పాడి, పద్యం చదివి, పిట్టకథ చెప్పి, పండితుడినీ పాలేరునీ ఒకే చాప మీద కూర్చోబెట్టారు. పెద్ద ఉత్సవం కోరుకునేది నిజానికి ఇదే కదా! కానీ హరికథ గుళ్ళ దగ్గరే, శ్రీరామనవమి పందిళ్ళలోనే ఉండిపోయింది. నెల్లూరు వరకూ చెప్పాలంటే, అక్కడ త్యాగరాజ ఉత్సవాలు జరిపించిన ఎస్.పి. సాంబమూర్తిగారు హరికథకులే. పెద్ద సంస్థలు వెనక్కి నెట్టిన విద్యవాడే మా జిల్లాలో ఉత్సవం భారం మోశాడన్నమాట. కొడుకు బాలసుబ్రహ్మణ్యం సినిమా పాటతో లోకమంతా తిరిగి, 2020 ఫిబ్రవరిలో తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటిని కంచి పీఠానికి ఇచ్చేశాడు, వేద పాఠశాల కోసం. వేదానికి ఇల్లు దొరికింది, సంతోషమే. హరికథకు కూడా ఒక గది మిగిల్చి ఉంటే బాగుండునని నాబోటివాళ్ళకు అనిపించకపోదు.

పెద్ద ఉత్సవాలను తిట్టి ఏం లాభం అని కూడా అనిపిస్తుంది. వెయ్యి కుర్చీలు వేసినవాడికి వెయ్యి కుర్చీలు నింపాలనే బెంగ ఉంటుంది. ఆ బెంగలో తెలిసిన పాటే పెడతాడు. పెళ్ళి భోజనంలో పనసపొట్టు కూర అందరికీ వడ్డించరు, ఇష్టమైనవాళ్ళు ఎవరింట్లోనో వండించుకుని తింటారు. ఒప్పుకుంటాను. కానీ పెళ్ళివారు పనసపొట్టు అసలు కూరే కాదంటే మాత్రం ఒప్పుకోను. చిక్కు చోటుతో కాదు, ఆ చోటు ఎక్కడ అన్నదాంతో. ఉదయం ఎనిమిది గంటల కచేరీ, కచేరీ చివరి పది నిమిషాలు, గుడి వెనక వసారా, ఇవన్నీ చోట్లే!

2015లో చెన్నై బెసెంట్ నగర్ పక్కనున్న ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో గాయకుడు టి.ఎం. కృష్ణ, ఆ ఊరి బెస్తవారు, స్నేహితులు కలిసి ఒక ఉత్సవం మొదలుపెట్టారు. సభా భవనం లేదు, టికెట్టు లేదు. పడవల పక్కన ఇసకలో శాస్త్రీయ సంగీతమూ, జానపదమూ ఒకే మెట్టు మీద కూర్చున్నాయి. నచ్చినవాళ్ళూ ఉన్నారు, ముక్కు చిట్లించినవాళ్ళూ ఉన్నారు. 2024లో అదే కృష్ణకు అకాడమీ సంగీత కళానిధి ప్రకటిస్తే జరిగిన గొడవ పేపర్లు చదివేవారందరికీ తెలుసు. మా కావలికి అల్లంత దూరంలో తుమ్మలపెంట ఉంది, జువ్వలదిన్నె ఉంది. వల లాగేటప్పుడు పాడే పాట అక్కడి ముసలివాళ్ళ నోట ఇంకా ఉంది. మనం అటు వెళ్ళేది కార్తీక స్నానానికి, పిల్లలను అలల్లో ఆడించడానికి. పాట కోసం వెళ్ళినవాళ్ళను నేను చూడలేదు.

నాగరత్నమ్మ 1952 మే 19న పోయింది. తన ఆస్తిని ధర్మకర్తలకు అప్పగిస్తూ, ఆడవాళ్ళకు ఆ సన్నిధిలో సేవ చేసుకునే హక్కు ఉండి తీరాలని షరతు పెట్టింది. స్వామి సమాధికి దగ్గరలోనే ఆవిడ సమాధి, చేతులు జోడించుకున్న ఆవిడ విగ్రహం.

డిసెంబరులో వీలు కుదిరితే మద్రాసు బండెక్కి రెండు కచేరీలు వినివచ్చే అలవాటు మా వైపు ఇంకా కొంతమందికి ఉంది. వెళ్ళినప్పుడు ఒకటి గమనించండి. తని ఆవర్తనం మొదలవగానే సగంమంది క్యాంటీనుకు లేస్తారు. అది అయ్యాక మిగిలినవాళ్ళలో సగం బస్సు తప్పిపోతుందని లేస్తారు. అప్పుడు గాయని శ్రుతి సవరించుకుని క్షేత్రయ్య పదం ఎత్తుకుంటుంది. వెనక వరసల్లో ఉన్న పది పదిహేనుమంది, ఎక్కువగా ఆడవాళ్ళే, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ముందు వరసల్లోకి వచ్చి కూర్చుంటారు.