బొగ్గు విడుచు పాదరసము, దానిని పట్టు బొగ్గు

భూపాలపల్లి గనుల బొగ్గు సమీపముననే చెల్పూరులోని కాకతీయ తాప విద్యుత్కేంద్రమున మండుచున్నది. ఇచ్చట 2010లో 500 మెగావాట్ల యంత్రము, 2016లో 600 మెగావాట్ల యంత్రము పనిచేయ నారంభించినవి. బొగ్గులో లేశమాత్రముగా పాదరసము కలదు. ప్రపంచపు బొగ్గులలో అది సగటున టన్నుకు గ్రాములో పదవవంతు. వేడి తగులగానే అది ఆవిరియై వాయువులో కలియును. బూడిదను పట్టు సాధనములకు ఆ ఆవిరి పూర్తిగా చిక్కదు.

ఇంత స్వల్పమైన దానికి భయమేల? గాలిలో దూరముగా పయనించి నీటిలో పడిన పాదరసమును సూక్ష్మజీవులు మిథైల్ పాదరసముగా మార్చును. అది చేపలలో పేరుకొని, వానిని తినువారి నాడీమండలమును చెరచును. జపానులోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధికి కారణము ఈ పదార్థమే. అచట అది ఒక కర్మాగారపు మురుగునీటి నుండి వచ్చినది.

కొయ్యబొగ్గు వాయువులను పట్టి ఉంచునని స్వీడను శాస్త్రజ్ఞుడు షీలే 1773లో గమనించెను. దీనినే అధిశోషణమందురు. ఒక గ్రాము ఉత్తేజిత కర్బనపు రంధ్రములలోని ఉపరితలము సుమారు 1000 చదరపు మీటర్లుండును. కాని సాదా కర్బనము పాదరసమును గట్టిగా పట్టజాలదు, వేడెక్కిన విడిచిపెట్టును. కర్బనమునకు గంధకము పట్టించినచో, పాదరసము దానితో సంయోగము చెంది స్థిరమైన సల్ఫైడగును. మన రసవైద్యులు కల్వమున ఈ రెంటిని నూరి నల్లని కజ్జలిని చేయుటలో జరుగునదియు ఈ చర్యయే.

1973లో అల్జీరియాలోని స్కిక్డాలో సహజవాయువులోని పాదరసము అల్యూమినియపు ఉష్ణ వినిమయ యంత్రములను తినివేసెను. ఆ పిమ్మట వాయు పరిశ్రమలో గంధక కర్బనపు వాడుక పెరిగెను. అమెరికాలోని కింగ్స్‌పోర్టులో ఈస్ట్‌మన్ కంపెనీ 1983లో బొగ్గును వాయువుగా మార్చ నారంభించి, ఆ వాయువును ఇట్టి కర్బనపు పొరల గుండా పంపి, నూటికి తొంబదిపాళ్ళకు పైగా పాదరసమును తొలగించెను.

మన రామగుండములో కూడ 1980 నుండి 1999 వరకు ఎరువుల కర్మాగారము బొగ్గును వాయువుగా మార్చెను. మండకముందరి వాయువు పరిమాణము స్వల్పము. కనుక శుద్ధి సులభము. చెల్పూరువంటి చోట్ల మండిన పిదప గాలిలోని నత్రజని కూడ చేరి వాయువు ఎన్నోరెట్లగును, పాదరసము పలుచబడును. అట్టి పొగలోనికి బ్రోమిను పట్టించిన కర్బనపు పొడిని చల్లు పద్ధతి కలదు.

2015లో భారత ప్రభుత్వము విద్యుత్కేంద్రముల పొగలో పాదరసమునకు ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాముల హద్దు విధించినది. 2018లో మినమాటా ఒడంబడికను ధ్రువీకరించినది. అయితే పాదరసము మూలకము. దానిని నాశనము చేయలేము. కర్బనము పట్టిన విషమును భద్రముగా దాచినపుడే ఈ పని ముగిసినట్లు.