‘స్వయంశిక్షితుడు’ – ఒక మాట చరిత్ర

గురువు నాశ్రయింపక స్వయంకృషిచేత విద్యావంతుడైనవానిని ఇంగ్లీషులో ‘ఆటోడిడాక్ట్’ అంటారు. తెలుగులో ‘స్వయంశిక్షితుడు’ అనవచ్చును. నేడు ఆ మాట వినగానే పట్టా లేనివాడన్న లోపమే ముందుగా స్ఫురిస్తుంది. పుట్టుకలో ఆ మాటకు ఈ లోపం లేదు.

ఇది గ్రీకు పదం. ‘ఔతోస్’ అనగా తాను. ‘దిదాక్తోస్’ అనగా బోధింపబడినవాడు. హోమర్ ‘ఒడిస్సీ’ 22వ సర్గలోనే ఈ పదం కనిపిస్తుంది. ఇరవై ఏండ్లకు ఇల్లు చేరిన ఒడిస్యూస్, తన భార్యను పెండ్లాడగోరి ఇంట తిష్ఠవేసిన వారిని సంహరిస్తాడు. వారి విందులలో పాడిన గాయకుడు ఫేమియోస్ అతని మోకాళ్లు పట్టుకొని ప్రాణభిక్ష వేడుతాడు. తాను స్వయంశిక్షితుడననీ, తన హృదయంలో సకలవిధ గానాలను నాటినది దైవమనీ, ఆ విందులలో పాడినది నిర్బంధం వల్లనే అనీ విన్నవిస్తాడు. ఒడిస్యూస్ కుమారుడు తెలెమాఖోస్ అడ్డుపడి అతనిని కాపాడుతాడు.

దైవం నాటినచో స్వయంశిక్ష ఎట్లగును? ఈ విరోధం పైకి తోచేదే. ఫేమియోస్ కాదంటున్నది మానవగురువును, దైవాన్ని కాదు. తన పాట మరొక గాయకుని అనుకరణ కాదని అతని వాదం. అతని నోట ఆ మాట లోపాన్ని ఒప్పుకొనడం కాదు, ప్రాణం నిలుపుకొనుటకు చూపిన అర్హత.

క్రీస్తు పూర్వం 458లో ప్రదర్శితమైన ఈస్కిలస్ ‘అగమెమ్నాన్’ నాటకంలో వృద్ధుల బృందం, వీణ లేకయే శోకగీతం పాడుతున్న తమ హృదయానికి ఈ విశేషణం వాడింది. రాబోవు కీడును శంకించే గుండెకు ఆ పాట నొకరు నేర్పనక్కరలేదు.

తరువాత ఈ మాట కవిని విడిచి తత్త్వవేత్తను చేరింది. 12వ శతాబ్దపు అందలూసియా పండితుడు ఇబ్న్ తుఫైల్ అరబ్బీలో ‘హయ్య్ ఇబ్న్ యక్జాన్’ అనే కథ రచించాడు. నిర్జన ద్వీపంలో లేడి పాలతో పెరిగిన బాలుడు కేవల వివేచనచేత పరమసత్యాన్ని చేరడం అందలి వృత్తాంతం. 1671లో ఆక్స్‌ఫర్డులో వెలువడిన లాటిన్ అనువాదానికి ఎడ్వర్డ్ పోకాక్ ‘ఫిలాసఫుస్ ఆటోడిడాక్టుస్’ అని పేరు పెట్టాడు. మూలంలోని పేరుకు ‘జాగృతుని కుమారుడైన సజీవుడు’ అని అర్థం. స్వయంశిక్ష ప్రసక్తి అనువాదకుడు చేర్చినదే.

విద్యకు విశ్వవిద్యాలయమే ప్రమాణమైన కాలానికి ఆ గౌరవం సడలింది. 1938 నాటి సార్త్ర్ నవల ‘లా నోసే’లో, గ్రంథాలయంలోని పుస్తకాలను అక్షరక్రమంలో చదువుకొంటూ పోయే మనిషికి ‘ఆటోడిడాక్ట్’ అన్నదే పేరు. అక్కడ అది పరిహాసం.

తెలుగులో ఇట్టివారిని ఏకలవ్యులంటాము. కాని ఏకలవ్యుడు గురువు వద్దనుకొన్నవాడు కాడు, గురువు కాదన్నవాడు. మట్టిబొమ్మనైనా గురువుగా నిలుపుకొన్నాడు, బొటనవ్రేలు దక్షిణగా ఇచ్చుకొన్నాడు. ఫేమియోస్ మాటకు దగ్గరైనది పోతన భాగవత స్కంధాంత గద్యలలోని ‘సహజపాండిత్య’ అనే విశేషణం. తనచేత పలికించేవాడు రామభద్రుడని కూడ పోతన చెప్పుకొన్నాడు. ఇద్దరి నడుమ చారిత్రక సంబంధం లేదు. ఒకరు నిర్బంధాన ప్రభువుల విందులలో పాడినవాడు, మరొకరు భాగవతాన్ని ఏ రాజుకూ అంకితమీయనివాడు. అయినను తన విద్యకు మూలమేమిటన్న ప్రశ్నకు ఇద్దరి సమాధానం ఒకటే.

కనుక సార్త్ర్ పాత్రకు ‘స్వయంశిక్షితుడు’ చాలును. ఫేమియోస్ నోట ఆ మాటనే పెట్టినచో, అతడు బడి చదువు లేదని సంజాయిషీ చెప్పుకొంటున్నట్లుండును. అక్కడ అనువాదకునికి పోతన మాటయే శరణ్యం.