పార్తేనియా: ప్రజలు లేని మేత్రాసనము

మన మేత్రాసన శతవార్షికోత్సవ వేళ, ఏనాడో అంతరించిన మరొక మేత్రాసనమును తలచుకొనుట తగునని మాకు తోచినది.

నేటి అల్జీరియాలోని సెతిఫ్ ప్రాంతమున, రోమను పాలనాకాలమున పార్తేనియా అను పట్టణముండెను. అది సరిగా ఎక్కడుండెనో నేడెవరును చూపలేరు. దాని మేత్రాణులలో మనకు తెలిసిన పేరు ఒక్కటే, రోగాతుస్. 484లో వాండలుల రాజు హునెరిక్, కతోలిక మేత్రాణులను కార్తేజికి పిలిపించి, ఏరియను సిద్ధాంతమునకు లొంగని వారిని దేశాంతరము పంపెను. వారిలో ఈయన ఒకరు. నాటి జాబితాలో ఆయన పేరు లేకున్నచో పార్తేనియా అను మాటయే మనకు దక్కియుండదు.

తరువాత అక్కడి సంఘము నశించినది. పేరును మాత్రము శ్రీసభ విడువలేదు. ప్రతి మేత్రాణునికి ఒక సంఘముండవలెనన్నది ప్రాచీన నియమము. అందుచేత సొంత మేత్రాసనము లేని సహాయ మేత్రాణులకు, జగద్గురువుల రాయబారులకు ఇట్టి పీఠముల పేర్లు ఇత్తురు. పూర్వము వీటిని “అవిశ్వాసుల దేశములలోని” పీఠములనెడివారు. వినుటకు కటువైన ఆ మాటను 1882లో 13వ లియో జగద్గురువులు మాన్పించిరి.

1995లో ఫ్రాన్సులోని ఎవ్రో మేత్రాణులు జాక్ గయ్యో గారిని, అధికారులతో అభిప్రాయభేదముల కారణమున, ఆ పీఠమునుండి తప్పించి పార్తేనియాకు నియమించిరి. గౌరవమా, శిక్షయా? శిక్షయే అని మా అభిప్రాయము. ఆయన 1996లో ఇంటర్నెట్టులోనే పార్తేనియాను తెరచి, ఇల్లు లేనివారి పక్షమున, వలసవచ్చినవారి పక్షమున నిలిచిరి. 2023లో మరణించువరకు ఆయన పార్తేనియా మేత్రాణులే.