తెలుగు స్లాషర్ చిత్రాలు – ప్రేక్షకుల ఆదరణ

స్లాషర్ అనేది హారర్ సినిమాలో ఒక శాఖ. ఒక హంతకుడు కత్తి, గొడ్డలి వంటి పదునైన ఆయుధంతో కొందరిని ఒకరి తర్వాత ఒకరిగా చంపుకుంటూ పోవడం, చివరికి ఒక్కరు మాత్రం తప్పించుకుని ఎదురు తిరగడం దీని సాధారణ కథాక్రమం. తెలుగు ప్రేక్షకులు ఇలాంటివాటిని ‘సైకో సినిమాలు’ అనీ, ఆత్మల కథలను ‘దయ్యం సినిమాలు’ అనీ పిలుస్తారు. అన్ని లక్షణాలూ ఉన్న స్లాషర్లు తెలుగులో తక్కువ. ఆ లక్షణాలు ఎక్కువగా నేర పరిశోధన కథల్లోనో, దయ్యం కథల్లోనో కలిసిపోయి కనిపిస్తాయి. ఇలాంటి చిత్రాలకు తెలుగునాట దక్కిన ఆదరణనూ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాల్లో వాటి ప్రదర్శన పరిస్థితులనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రపంచ నేపథ్యం

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ (1960) ఈ శాఖకు మూలమని సినిమా చరిత్రకారులు చెబుతారు. టెలివిజన్ సిబ్బందితో, నలుపు తెలుపుల్లో, దాదాపు 8 లక్షల డాలర్లతో పూర్తయిన సినిమా అది. ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపకూడదని హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. 1974లో ‘ద టెక్సాస్ చైన్ సా మాసకర్’, ‘బ్లాక్ క్రిస్మస్’ వచ్చాయి. 1978లో జాన్ కార్పెంటర్ సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన ‘హాలోవీన్’ కోట్ల డాలర్లు వసూలు చేసింది. అందులో హంతకుడి ముసుగు, బజారులో దొరికే, టీవీ ధారావాహిక పాత్ర కెప్టెన్ కర్క్ ముసుగుకు తెల్లరంగు వేసి చేసినది. సంగీతం దర్శకుడే సమకూర్చుకున్నాడు. 1980లో ‘ఫ్రైడే ద థర్టీన్త్’ అదే దారిలో విజయం సాధించింది. ఖర్చు తక్కువ, తారలు అక్కర్లేదు, ఒకే ఇల్లు లేదా ఒకే అడవి చాలు అన్న లెక్క అప్పటినుంచి చిన్న నిర్మాతలను ఆకర్షిస్తూనే ఉంది.

ఈ చిత్రాలపై అభిప్రాయాలు మొదటినుంచీ రెండుగా చీలాయి. అమెరికన్ విమర్శకులు జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ 1980లో తమ టెలివిజన్ కార్యక్రమంలో, స్త్రీలను వెంటాడి చంపడమే వినోదంగా చూపుతున్న సినిమాలను తీవ్రంగా ఖండించారు. అదే ఇద్దరూ ‘హాలోవీన్’ను మాత్రం మెచ్చుకున్నారు. చివరిదాకా బతికి హంతకుడిని ఎదిరించే యువతి పాత్రను కేంద్రంగా తీసుకుని కేరల్ క్లోవర్ 1992లో ప్రచురించిన పుస్తకం ఈ శాఖకు విశ్వవిద్యాలయ పాఠ్యాంశాల్లో చోటు కల్పించింది.

తెలుగులో పరిణామం

భారతీరాజా తమిళంలో తీసిన ‘సిగప్పు రోజాక్కళ్’ (1978) తెలుగులో ‘ఎర్ర గులాబీలు’గా వచ్చింది. కమల్ హాసన్, శ్రీదేవి నటించిన ఈ చిత్రంలో హంతకుడి క్రూరత్వానికి అతని బాల్యంలో జరిగిన అవమానాలే కారణమని కథ చెబుతుంది. వంశీ ‘అన్వేషణ’ (1985)లో అడవిలో జరిగే హత్యలను పులి పనిగా జనం నమ్ముతారు. అసలు దోషి చివర బయటపడతాడు. ఇళయరాజా సంగీతం ఆ సినిమాకు పెద్ద బలం.

రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992), ‘దెయ్యం’ (1996) చిత్రాలతో భయానికి కెమెరా కదలికనూ, నేపథ్య శబ్దాన్నీ ప్రధాన సాధనాలుగా చేశాడు. ‘రాత్రి’ నేపథ్య సంగీతంతోనే మణిశర్మ పరిచయమయ్యాడు. శేఖర్ సూరి ‘ఎ ఫిల్మ్ బై అరవింద్’ (2005)లో ఒక దర్శకుడు, ఒక హీరో సినిమా పని మీద అడవిలోని అతిథి గృహానికి వెళ్తారు. చేతికి దొరికిన స్క్రిప్టులో ఉన్నట్టే వాళ్ళకు జరగడం మొదలవుతుంది. తక్కువ పాత్రలు, ఒకే చోటు, దగ్గరపడుతున్న చావు అనే స్లాషర్ పద్ధతికి ఇది దగ్గరి ఉదాహరణ.

రవిబాబు ‘అనసూయ’ (2007)లో హంతకుడు మనుషులను చంపి శరీర భాగాలు తీసుకుపోతుంటాడు. చనిపోయిన ప్రేయసి అవయవాలను ఎవరెవరికి అమర్చారో వారిని వెతికి చంపుతున్నాడన్నది కథలోని కీలకం. ఆయనే తీసిన ‘అమరావతి’ (2009), ‘అవును’ (2012) కూడా పెద్ద హీరోలు లేని చిత్రాలే. పూర్ణ నటించిన ‘అవును’ ఎక్కువ భాగం ఒకే ఇంట్లో నడుస్తుంది. వర్మ ‘ఐస్‌క్రీమ్’ (2014)ను అతి తక్కువ ఖర్చుతో, ఫ్లోకామ్ అనే కెమెరా పద్ధతితో తీశాడు. అదే ఏడాది ‘ఐస్‌క్రీమ్ 2’ కూడా విడుదలైంది. తమిళ ‘రాట్చసన్’ (2018) తెలుగులో ‘రాక్షసుడు’ (2019)గా వచ్చింది.

ప్రేక్షకుల అభిప్రాయాలు

కారణం: తెలుగులో నిలిచిన సైకో సినిమాలన్నింటిలో ఒక పోలిక ఉంది. హంతకుడు ఎందుకు చంపుతున్నాడో చివరికి తెలుస్తుంది. ‘ఎర్ర గులాబీలు’లో బాల్యం, ‘అనసూయ’లో ప్రేయసి, ‘రాక్షసుడు’లో బడిలో ఎదురైన అవమానం అందుకు కారణాలు. ‘హాలోవీన్’లో హంతకుడి చర్యకు ఏ కారణమూ ఉండదు, అదే అక్కడి భయం. తెలుగులో ఆ పద్ధతి పాతుకోలేదు. ఫ్లాష్‌బ్యాక్ తేలిపోయిన సినిమాను ‘కథ లేదు’ అని ఒక్క మాటలో తోసేయడం ఇక్కడి అలవాటు. ఈ అలవాటు జానపద కథనంలోనూ కనిపిస్తుంది. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య దేశమంతటా పేరు తెచ్చిన ఒగ్గుకథలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు ముఖ్యమైనవి. రేణుకా ఎల్లమ్మ కథలో కొడుకు తల్లి తల నరికే ఘట్టం ఉంది. దానికి ముందు తండ్రి ఆన, తర్వాత ఆ తల్లి దేవతగా నిలవడం ఉంటాయి. హింసకు ముందు కారణం, వెనుక ఫలితం చెప్పడం ఈ కథల పద్ధతి.

శబ్దం: బడ్జెట్ చిన్నదైనా ప్రేక్షకులు సర్దుకుపోతారు గానీ, శబ్దం నాసిగా ఉంటే సర్దుకోరు. సాయికిరణ్ దర్శకత్వంలో వచ్చిన ‘మసూద’ (2022) పెద్ద తారలు లేకుండానే ఆడింది. సంగీత, తిరువీర్ నటనతో పాటు ప్రశాంత్ ఆర్. విహారి సంగీతానికి ప్రశంసలు వచ్చాయి. నిడివి రెండున్నర గంటలు దాటడం మీద మాత్రం ‘లాగ్’ అన్న ఫిర్యాదు వినిపించింది.

హాస్యం: ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) విజయంతో హారర్ కామెడీల వరుస మొదలైంది. ‘గీతాంజలి’ (2014), ‘రాజుగారి గది’ (2015), ‘ఆనందో బ్రహ్మ’ (2017) అందులోవే. కుటుంబంతో కలిసి చూసే వీలు వీటికి కలిసివచ్చింది. అయితే ఒకే రకం హాస్యం పదేపదే రావడంతో భయం పలచబడిందన్న విమర్శ కూడా బలపడింది.

స్త్రీ పాత్రలు: వెంటాడే దృశ్యాల్లో కెమెరా బాధితురాలి భయాన్ని చూపుతోందా, ఆమె శరీరాన్ని చూపుతోందా అన్నది ఈ చిత్రాలపై తరచూ వచ్చే అభ్యంతరం. సిస్కెల్, ఈబర్ట్ లేవనెత్తిన ప్రశ్న కూడా ఇదే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

ఈ మూడు పట్టణాలు కేంద్రాలుగా ఉన్న జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. వాటి ప్రాంతంలో అధిక భాగం పూర్వపు వరంగల్ జిల్లాలోనిదే. సినిమా వ్యాపారంలో ఇవి నైజాం ఏరియా కిందికి వస్తాయి. జనగామ హైదరాబాద్–వరంగల్ రహదారి మీద, మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఉన్నాయి. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల పట్టణం. రీలు ప్రింట్ల కాలంలో సినిమా ముందు పెద్ద నగరాల్లో ఆడి, ఆ ప్రింట్లే తర్వాత ఇలాంటి ఊళ్ళకు చేరేవి. సినిమా కంటే ముందే దాని ‘టాక్’ వచ్చేది. క్యూబ్, యూఎఫ్ఓ డిజిటల్ ప్రదర్శన వచ్చాక విడుదల అన్నిచోట్లా ఒకే రోజు అయింది. ఉదయం ఆట చూసినవారి మాటే సాయంత్రం ఆటల టికెట్లను నిర్ణయిస్తోంది. తారల అభిమానుల అండ లేని చిన్న హారర్ చిత్రానికి ఇది ఒకవైపు అవకాశం, మరోవైపు ముప్పు.

ప్రింట్ల ఖర్చు తప్పినా డిజిటల్ కంపెనీల రుసుములు నిర్మాతలపై పడ్డాయి. ఆ రుసుముల వివాదంలో 2018 మార్చి 2 నుంచి తెలుగు రాష్ట్రాల్లో కొన్ని రోజులు థియేటర్లు మూతపడ్డాయి. నరుకుడు, రక్తం ఎక్కువగా ఉంటే సెన్సార్ బోర్డు ‘ఎ’ సర్టిఫికెట్ ఇస్తుంది. అప్పుడు 18 ఏళ్ళలోపు వారికి ప్రవేశం ఉండదు, టీవీ ప్రసారానికి కత్తిరించి మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఒకటి రెండు తెరలున్న పట్టణంలో కుటుంబాలు రాని సినిమా రెండో వారం నిలవడం కష్టం.

ఈ ప్రాంత ప్రేక్షకులకు చేతబడి, బాణామతి కేవలం తెరమీది విషయాలు కావు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషులపై దాడులు, హత్యలు తెలంగాణ పల్లెల్లో జరిగాయి. పోలీసులు కళాజాతలతో, జన విజ్ఞాన వేదిక ప్రదర్శనలతో ఈ నమ్మకాలకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తూ వచ్చారు. అందుకే చేతబడి చుట్టూ అల్లిన ‘మా ఊరి పొలిమేర’ వంటి కథలు పల్లె వాతావరణం వల్ల సహజంగా ఉన్నాయన్న మెప్పునూ, మూఢనమ్మకాన్ని పెంచుతాయన్న అభ్యంతరాన్నీ రెండింటినీ ఎదుర్కొంటాయి.

ప్రస్తుత స్థితి

అనిల్ విశ్వనాథ్ దర్శకత్వంలో సత్యం రాజేష్ నటించిన ‘మా ఊరి పొలిమేర’ 2021 డిసెంబర్‌లో నేరుగా ఓటీటీలో విడుదలైంది. అక్కడ దక్కిన ఆదరణతో రెండో భాగం 2023 నవంబర్ 3న థియేటర్లకు వచ్చింది. చిన్న హారర్ చిత్రానికి ఇంట్లో చూసినవారే థియేటర్ ప్రేక్షకులుగా మారడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ. తెలుగులో ఈ తరహా చిత్రాలను నిలబెట్టినవి రక్తపు దృశ్యాలు కావు; నమ్మదగిన కారణం, శ్రద్ధగా చేసిన శబ్దం, తెలిసిన ఊరి వాతావరణం. ఈ మూడూ పెద్ద బడ్జెట్ లేకుండానే సాధ్యమని ‘అనసూయ’, ‘అవును’, ‘మసూద’, ‘పొలిమేర’ చిత్రాలు నిరూపించాయి.