కృష్ణ ఒడ్డు చాటువులు, ఒక హీబ్రూ కవి

కీసర, నందిగామ, జగ్గయ్యపేటల మెట్ట సీమకు దక్షిణాన కృష్ణ పారుతుంది. జగ్గయ్యపేట వైపు నది దాటితే పల్నాడు. అక్కడ సన్నబియ్యం దొరకదని, జొన్నకూడే గతి అని విసుక్కునే చాటువులు శ్రీనాథుడి పేరు మీద జనం నోట నిలిచాయి. కనకాభిషేకం పొందిన ఆ కవే చివరికి బొడ్డుపల్లెను గుత్తకు తీసుకుని, పంట కృష్ణ పాలై, ఏడు నూర్ల టంకాలు కట్టలేక శిక్ష అనుభవించాడని మరో చాటువు చెబుతుంది. ఇలాంటి పద్యాలను బయటి ప్రపంచానికి అందించినవారిలో డేవిడ్ షుల్మన్ ఒకరు. 1949లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టి, 1967లో ఇజ్రాయెల్‌కు వలస వెళ్లిన యూదుడాయన. హీబ్రూలో కవిత్వం రాశారు. పాలస్తీనా ఆక్రమణను ఎదిరించే తాయుష్ సంస్థలో పనిచేశారు. ఆయన తెలుగు పాండిత్యానికీ రాజకీయ నిష్ఠకూ మూలం ఒక్కటేనని నా అభిప్రాయం: అధికారం పట్టించుకోని గొంతును దాని సొంత భాషలోనే వినాలన్న పట్టుదల.

తెలుగు పండితుడు వెల్చేరు నారాయణరావుతో కలిసి 1998లో తెచ్చిన చాటు పద్యాల సంకలనం ఇందుకు మంచి సాక్ష్యం. చాటువులు నిజంగా శ్రీనాథుడివేనా అని పండితులు ఎప్పుడూ సందేహిస్తూనే ఉన్నారు. వీరిద్దరూ ప్రశ్ననే మార్చారు. కర్త ఎవరైనా, ఆ పద్యాన్ని తరతరాలుగా చెప్పుకున్న సమాజం కవి ఎలాంటివాడో, రాజు ఎలాంటివాడో అందులో తేల్చుకుందన్నారు. అలా చూస్తే బొడ్డుపల్లె పద్యం గుత్త బకాయికి మహాకవినైనా వదలని పాలన మీద జనం ఇచ్చిన తీర్పు. ఇదే పట్టుదల ఆయన రాజకీయాల్లోనూ కనిపిస్తుంది. యెరూషలేములో అరబీ చదువుకున్న షుల్మన్, దక్షిణ హెబ్రోను కొండల్లో పాలస్తీనా గొర్రెల కాపరులకు, రైతులకు అండగా నిలిచిన అనుభవాన్ని 2007లో పుస్తకంగా తెచ్చారు. 2016లో వచ్చిన ఇజ్రాయెల్ ప్రైజు సొమ్మును తాయుష్‌కే ఇచ్చేశారు.

తెలుగు పనిలో బరువంతా నారాయణరావుదే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆయన లేకుండా ఆ పని లేదన్నది నిజమే. కానీ షుల్మన్ లాంటి పేరున్న ఆచార్యుడు మన పండితుడి పక్కన కూర్చుని నేర్చుకుంటూ రాయడం కూడా ఆ నిష్ఠలో భాగమే. హెబ్రోను పోరాటానికి తెలుగు కారణం కాదనీ అనవచ్చు. కారణమని నేనూ అనను. రెండు చోట్లా వినే పద్ధతి ఒకటేనంటాను. ఆ పద్ధతిని మనం మన చాటువులకు వర్తింపజేస్తే, వాటిని కాలక్షేపం పద్యాలుగా తోసేయకుండా ఈ కృష్ణ ఒడ్డు చరిత్రకు ఆధారాలుగా చదువుతాం.