బిల్లు చట్టమైన విధము: వరకట్న నిషేధము

పార్లమెంటున ప్రవేశపెట్టిన బిల్లు ఉభయ సభల ఆమోదమును, పిమ్మట రాష్ట్రపతి సమ్మతిని పొందినగాని చట్టము కాజాలదు. సాధారణ బిల్లుపై సభలు విభేదించినచో, సంయుక్త సమావేశమునకు రాజ్యాంగములోని 108వ అధికరణము వీలు కల్పించినది. ఆ మార్గమున మొట్టమొదట నడచినది వరకట్న నిషేధ బిల్లు.

1959 ఏప్రిల్‌లో లోక్‌సభకు వచ్చిన ఈ బిల్లును ఉభయ సభల సంయుక్త సంఘము పరిశీలించెను. ఐనను, కట్నమనగా నేమి యను నిర్వచనము మొదలగు అంశములపై సభలకు ఏకాభిప్రాయము కుదరలేదు. అందుచే 1961 మే 6, 9 తేదీలలో సభ్యులందరు ఒక్కచోట సమావేశమైరి. అప్పటి లోక్‌సభ స్పీకరు, తిరుచానూరున జన్మించిన శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షత వహించిరి. మే 20న రాష్ట్రపతి సమ్మతి లభించెను; జూలై 1న చట్టము అమలులోనికి వచ్చెను. బీహారు 1950లోను, ఆంధ్రప్రదేశ్ 1958లోను చేసికొనిన కట్న చట్టములు దీని రాకతో రద్దయ్యెను.

మొదట విధించిన శిక్ష ఆరు నెలలకు మించని ఖైదు, లేదా ఐదువేల రూపాయలకు మించని జరిమానా, లేక ఆ రెండును. అది చాలదని తేలగా 1984, 1986 సంవత్సరముల సవరణలు శిక్షను కఠినము చేసెను.

రెండేండ్లు చర్చించి వ్రాసిన చట్టమునైనను నిలుపవలసినది పెండ్లిపందిరిలోని పెద్దలే. గ్రంథాలయమున దీనిని చదివినవారు తాంబూలములు పుచ్చుకొనునాడు మరువకుందురుగాక!