కరువు తర్వాత ఆనకట్ట వచ్చింది, నీళ్లు ఎవరికి వచ్చినాయి?

కరోనా పోయి ఇన్నేళ్లయింది, ఇప్పుడా మాటెందుకు అంటారేమో. రోగం తగ్గటం వేరు, జనం కోలుకోవటం వేరు. మన గుంటూరు జిల్లా ఆ తేడా ఎప్పుడో చూసింది.

1832-33లో వచ్చిన డొక్కల కరువు గురించి పెద్దోళ్ల నోట వినే ఉంటారు. నందన కరువన్నా అదే. పుస్తకాల్లో గుంటూరు కరువు అని రాశారు. ఆకలితో, దాని వెనకాలే వచ్చిన రోగాలతో జిల్లా జనంలో మూడో వంతు పైనే పోయారని లెక్కలు. పక్కనే కృష్ణ పారుతున్నా చేలోకి నీళ్లెక్కించే దారి లేదు. కుంపినీ వాళ్ల శిస్తు కూడా పడిపోయింది. అయినా మన సీతానగరానికీ బెజవాడకీ మధ్య ఆనకట్ట పని మొదలైంది 1852లో, పూర్తయింది 1855లో. చావులకీ నీళ్లకీ మధ్య ఇరవై ఏళ్లు దాటిపోయాయి.

వచ్చిన నీళ్లు తెనాలి, రేపల్లె వైపు డెల్టాకి పోయినాయి. అక్కడ మాగాణి పండింది, మంచిదే. మరి పల్నాడు మెట్ట? సాగర్ కాలవలకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఆనకట్ట కట్టినాక 112 ఏళ్లకి! మొదటి ప్లానులో లేనోడు నాలుగు తరాలు వానకేసి చూస్తా కూర్చున్నాడు.

ఇప్పుడు కరోనా సంగతి చూడండి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. మిర్చి కల్లాల మీదున్న రోజులవి. గుంటూరు యార్డు మూతపడింది. టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగగలిగినోడు ఆగాడు. కౌలు కట్టాల్సినోడు ఎట్టా ఆగుతాడు? తర్వాత కేంద్రం 20 లక్షల కోట్ల ప్యాకేజీ అంది. గోడౌన్లకీ, కోల్డ్ స్టోరేజీలకీ లక్ష కోట్ల నిధి పెట్టింది. పీఎం కిసాన్ 2,000 ఏప్రిల్లోనే వేసింది. కానీ ఆ డబ్బు భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. చేలో మందు కొట్టేది ఒకరు, పాసుపుస్తకం ఇంకొకరిది.

2019లో మన రాష్ట్రం సాగుదారు హక్కుల చట్టం చేసింది. 11 నెలల కార్డు ఇస్తారు, భూమి హక్కు యజమానిదే. కానీ యజమాని సంతకం లేకపోతే కార్డు లేదు. రేపు పొలం తిరిగి రాదేమోనని ఆయన భయం. ఆ భయాన్నీ కొట్టిపారేయలేం.

నా మాట ఒకటే. కోలుకునే ప్లాను వేసేటప్పుడే సాగు చేసేవాడి పేరు అందులో ఉండాలి. తర్వాత చూద్దాం అంటే ఎన్నాళ్లో పైన చెప్పాను. పొలం కౌలుకిచ్చిన అన్నలూ, ఆ చట్టం ఒకసారి చదివించుకోండి. మీ హక్కుకి ఢోకా లేదనిపిస్తే ఈ ఏడు సంతకం పెట్టండి. కౌలు తమ్ముళ్లూ, గ్రామసభలో పంట నమోదు మీ పేరునే అడగండి, ఒక్కరు కాదు, పది మంది కలిసి.